కోటను నిలబెట్టిన గది

"నాలుగు వందల యాభై ఏళ్లుగా మా తొబిమినె కోట ఎండకు ఎండింది, మంచుకు తడిసింది. అయినా ఏనాడూ ఎవరికీ తల వంచలేదు! తొబిమినె ప్రజ కూడా అంతే!"

ఏటా ఆకులు ఎర్రబడే రోజుల్లో కోట ఉత్సవం ప్రారంభిస్తూ మేయరు కుసకబె గారు ఈ మాట అంటారు. అన్నప్పుడల్లా పట్టణమంతా చప్పట్లు కొడుతుంది. ఆయనంటే గిట్టనివాళ్లూ కొడతారు. ఎందుకంటే చప్పట్లయ్యాకే చేమదుంపల పులుసు ఉచితంగా పోస్తారు.

మేయరు గారి మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. తల వంచాలంటే ముందు తలంటూ ఒకటి ఉండాలి కదా! తొబిమినె కొండకు ఆ తల మొలిచి ఇంకా అరవై ఏళ్లు నిండలేదు. అంతకుముందు అక్కడ ఉన్నవల్లా కొన్ని మట్టి కట్టలు, ఎండిన కందకాలు, దుంగల కంచె, ఒక కావలి పాక. శత్రువు బయల్దేరాడని తెలిసిన పూటే కోట ప్రభువు లోయ అవతల ఉన్న అత్తవారింటికి చుట్టపుచూపుగా వెళ్లిపోయాడు. శత్రువులు వచ్చారు. పాకలో ఉన్న ముల్లంగి ఊరగాయ తిన్నారు. కంచెకు నిప్పు పెట్టి వెళ్లిపోయారు. తొబిమినె వీరగాథ అక్కడితో సమాప్తం.

ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు తోక్యోలో ఒలింపిక్ పోటీలు వచ్చాయి. దేశం నాలుగు డబ్బులు కళ్లజూసింది. పక్క ఊరికి కోట ఉంది, ఆ పక్క ఊరికీ ఉంది, మనమేం పాపం చేశామని తొబిమినె పెద్దలకు తోచింది. ఒక ఆర్కిటెక్టును పిలిపించి ఆయన ముందు నానా కోటల పోస్టుకార్డులూ పరిచారు. ఆయన ఒక కార్డులోంచి కప్పు తీసుకున్నాడు, ఒక కార్డులోంచి కిటికీలు తీసుకున్నాడు, ఇంకొక కార్డులోంచి ఇంటికొప్పు మీది బంగారు చేపల జత తీసుకున్నాడు. అన్నీ కలిపి కొండ నెత్తిన అయిదంతస్తుల కాంక్రీటు మేడ లేపాడు. మేడలో లిఫ్టు కూడా పెట్టాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల లిఫ్టు ఉన్నవి రెండే: ఒకటి పెద్దాసుపత్రి, రెండోది నాలుగు వందల ఏళ్ల నాటి తొబిమినె కోట!

పట్టణ కార్యాలయంలో పర్యాటక విభాగం అధికారి హిబినో గారు సరిగ్గా ఆ మేడ పుట్టిన ఏడే పుట్టారు. తండ్రి అడవిలో పుట్టగొడుగులు పెంచేవాడు. వాళ్ల వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి హిబినో గారే. అక్కడ ఆయన చదివింది చరిత్ర. చదివిన చరిత్రకూ చేసే ఉద్యోగానికీ నడుమ పడిన అగాధాన్ని ఆయన ఒకే ఒక్క మాటతో పూడ్చేశారు. "అని చెప్పబడుతోంది."

"ఈ కిటికీలోంచే ప్రభువు శత్రువుల మీద బాణాలు వేయించాడని చెప్పబడుతోంది." "ఈ గదిలోనే రాణిగారు కన్నీరు కార్చారని చెప్పబడుతోంది." ఎవరు చెబుతున్నారు? హిబినో గారే. ఎప్పటి నుంచి? పాతికేళ్ల నుంచి. అబద్ధమాడే అలవాటు మాత్రం ఆయన ఇంటావంటా లేదు!

ఇలా సాఫీగా సాగిపోతున్న చరిత్రకు ఆ ఏడు ఒక ఇంజనీరు అడ్డం పడ్డాడు. భూకంపాల పరీక్ష కోసమని వచ్చి, స్తంభాలను డాక్టరు రోగి వీపు తట్టినట్టు తట్టి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయాడు. పది రోజులకల్లా పై కార్యాలయం నుంచి మాట వచ్చింది. మేడను గట్టిపరచండి, లేదా కూల్చండి. గట్టిపరచడం తొబిమినె తరమా? బళ్లో పిల్లలకన్నా పొలాల్లో అడవిపందులు ఎక్కువైన ఊరది. ఒక్కటే దారి మిగిలింది. దేశపు వారసత్వ కట్టడాల్లో కోటకు చోటు దొరికితే ప్రభుత్వమే ఆదుకుంటుంది.

హిబినో గారికి ఇది కోట బతుకు ఒక్కటే కాదు, తన బతుకు కూడా. వచ్చే వసంతంలో ఆయన ఉద్యోగ విరమణ. "కోటంటూ నిలిస్తే దాని బాగోగులు చూడ్డానికో పాలకుడు కావాలి కదయ్యా, నువ్వు ఉండనే ఉన్నావు," అని మేయరు గారు ఒకసారి సాకె తాగుతూ అన్నారు. నిలవకపోతే? ఆయన భార్య అప్పుడే ముల్లంగి మడి కోసం రెండో కొడవలి కొని తెచ్చి గోడకు తగిలించింది. హిబినో గారు పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ కొడవలిని చూసి, కిటికీలోంచి కొండ మీది మేడను చూసి, మళ్లీ కొడవలిని చూసేవారు.

పట్టణం పెట్టుకున్న అర్జీకి జవాబుగా వారసత్వ సంఘం నుంచి మేయరు గారికి ఫోన్ వచ్చింది. వెంటనే కోట మేడ కింది అంతస్తులో సమావేశం పెట్టారు.

"ప్రొఫెసర్ షిరాతోరి అనే ఆవిడ నెలాఖరుకు వస్తున్నారట," అన్నారు మేయరు గారు. "లోపలి గోడలూ స్తంభాలూ మహా నిశితంగా చూస్తారట."

అని ఊరుకున్నారు. కుర్చీలో వెనక్కి వాలారు. మూలనున్న కాంక్రీటు స్తంభాన్ని కింది నుంచి పై దాకా చూశారు. "హూఁ…" అని నిట్టూర్చారు.

అంతే. సమావేశం ముగిసింది. అందరూ నడుములు వంచి నమస్కరించి లేచారు.

తొబిమినెలో ఆజ్ఞలుండవు. పెద్దలు నోరు తెరిచి ఫలానాది చెయ్యమనడం మొరటుతనం. చిన్నలు నోరు తెరిచి ఏం చెయ్యమంటారనడం అంతకన్నా మొరటుతనం. పెద్దాయన నిట్టూరుస్తాడు. చిన్నవాళ్లు ఆ నిట్టూర్పు పొడుగూ వెడల్పూ మనసులో కొలుచుకుని పనిలోకి దిగుతారు. గాలి చదవడమంటారు దీన్ని. హిబినో గారు ఈ సర్వీసులో చదివిన గాలితో పోలిస్తే కాలేజీలో చదివిన పుస్తకాలు ఏ మూలకు!

బయటికి రాగానే మొమోసె ఆయన వెంటబడింది. మొమోసె ఆ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగిని. ఏటేటా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి కాబట్టి నోటికి కొంచెం స్వేచ్ఛ ఎక్కువ.

"ఇంతకీ ఏం తేలింది సార్?"

"కాంక్రీటు కనిపించకూడదు. అంతా చెక్క కావాలి."

"అలా అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అనలేదు కాబట్టే అంత కచ్చితంగా చెబుతున్నా."

"ఒక్క ఫోన్ కొట్టి ఆ ప్రొఫెసరమ్మనే అడిగేస్తాను సార్. 'తమరు ఏం చూద్దామని వస్తున్నారమ్మా?' అని. అర నిమిషం పని!"

హిబినో గారు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశారు. "అడుగుతావా! అడిగితే మనకు తెలియదని ఆవిడకు తెలిసిపోదూ?"

"తెలియదు కదా సార్ మనకు."

"తెలియకపోవడం వేరు, తెలియదని ఎదుటివాళ్లకు తెలియడం వేరు. నీకివన్నీ ఒంటబట్టవులే."

"ఏడాదికోసారి తీసేస్తాం తీసేస్తాం అంటుంటే ఏం ఒంటబడుతుంది సార్, చలి తప్ప!"

పని మొదలైంది. ఊళ్లో రిటైరైన పెద్దమనుషులు కొందరు కవచ సంఘమని ఒకటి పెట్టుకుని ఉత్సవాలకు అట్ట కవచాలు తొడుక్కుని ఊరేగుతుంటారు. యుద్ధం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నవాళ్లలా అంతా సుత్తులు పట్టుకుని వచ్చేశారు. దేవదారు పలకలు తెప్పించి, పాతవాటిలా కనబడాలని మంట మీద కమిలించి, గోడలకూ స్తంభాలకూ అడుగడుక్కీ రంధ్రాలు తొలిచి మరీ మేకులు దిగ్గొట్టారు. కాంక్రీటు మెట్ల మీద నిచ్చెనలాంటి చెక్క మెట్లు బిగించారు. లిఫ్టు తలుపుకు అడ్డంగా మడత తెర నిలబెట్టి, దాని మీద మంగలి షాపు యజమాని చేత పులి బొమ్మ వేయించారు. పులి బాగానే వచ్చింది గానీ, దాన్ని చూసినవాళ్లంతా దానికి పాలు పోయాలనుకున్నారు. రెండో అంతస్తు ప్రదర్శనలో ఉన్న గడ్డి కూరిన నక్కనూ పాత రేడియోలనూ బడి గోదాంలోకి సాగనంపారు. మగవాళ్ల మరుగుదొడ్డి బాణాల గది అయింది.

ఒక్క చిక్కే మిగిలింది. అయిదో అంతస్తులో ఉన్న టీ డబ్బాల యంత్రం. దాన్ని కిందికి దించాలంటే లిఫ్టులో దించాలి, లిఫ్టు పులి వెనక ఉంది. ఆలోచించి ఆలోచించి దానికే కవచం తొడిగి, పైన కొమ్ముల శిరస్త్రాణం పెట్టి, సేనాధిపతిని చేసేశారు. లోపల మోటారు గుర్రుమంటుంటే అచ్చం ధ్యానంలో ఉన్న వీరుడే!

అంతా అయ్యాక మేయరు గారు వచ్చి చూశారు. మంచి అనలేదు, చెడు అనలేదు. కాసేపు కళ్లు మూసుకుని దేవదారు వాసన పీల్చి వెళ్లిపోయారు. హిబినో గారికి ఆ పూట అన్నం రెండు గిన్నెలు ఎక్కువ పట్టింది.

ప్రొఫెసర్ షిరాతోరి గారు వచ్చిన రోజు కోట ముందు పెద్ద హడావుడి. మేయరు గారు తాతల నాటి పట్టు దుస్తుల్లో ఉన్నారు. హిబినో గారు కవచంలో ఉన్నారు. స్థానిక టీవీ వాళ్లు కెమెరా తెచ్చారు. చూడబోతే వచ్చినావిడ డెబ్బై దాటిన చిన్న పిట్టంత మనిషి. వీపున సంచి, మెడలో భూతద్దం, మోకాలికి పట్టీ. అందరూ ఒకరికొకరు వంగి వంగి నమస్కారాలు చేసుకున్నారు. ఎవరు చివర లేవాలన్న పోటీలో హిబినో గారే నెగ్గారు. కవచం బిగుసుకుపోయి లేవలేకపోయారు మరి!

గడప దగ్గర బూట్లు విప్పుతూ ఆవిడ అడిగింది. "లిఫ్టు ఎటువైపండీ?"

"లిఫ్టా!" మేయరు గారు నొచ్చుకున్నట్టు నవ్వారు. "యుద్ధాల నాటి కోటండీ ఇది. అప్పట్లో ప్రభువులు కూడా నడిచే ఎక్కారు."

ఆవిడ మోకాలు చూసుకుంది. పులిని చూసింది. పులి కింద సన్నగా కనిపిస్తున్న ఇనుప పట్టాలు చూసింది. మెట్ల వైపు నడిచింది.

మొదటి అంతస్తులో గోడ మీద అరచేయి ఆనించి, "చాలా శ్రమపడ్డారండీ," అంది. రెండో అంతస్తులో స్తంభాన్ని వేలితో తట్టి, "ఎంత శుభ్రంగా ఉందో," అంది. మూడు దాటి నాలుగుకు చేరేసరికి, "ఇంత చెక్క ఒక్కచోట చూడటం నా అదృష్టం," అంది. ఒక్కో పొగడ్తకూ హిబినో గారి కవచం ఒక్కో అంగుళం ఉబ్బింది. మనసులో ఆయన అప్పుడే అయిదో అంతస్తు కిటికీ పక్కన తన బల్ల వేయించుకుంటున్నారు.

మొమోసె ఆయన చెవి దగ్గరికి వంగింది. "సార్, నేను కొన్నాళ్లు క్యోతోలో హోటల్లో పనిచేశాను."

"అయితే?"

"అక్కడ మనిషిని ఎంత పొగిడితే అంత తొందరగా లేచి వెళ్లమని అర్థం. ఈవిడ పొగడ్తలు పెరుగుతున్నాయి సార్. మనకు నూకలు చెల్లినట్టే."

"నీ నోటికి తాళం వెయ్యి!"

అయిదో అంతస్తుకు చేరేసరికి ప్రొఫెసరమ్మకు ఆయాసం వచ్చింది. సేనాధిపతి పక్కన ఆగి ఊపిరి తీసుకుంది. కవచం సందుల్లోంచి ఎర్రటి వెలుగు. వంగి చూసింది. "ఈయన దగ్గర వేడిది దొరుకుతుందా, చల్లదేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా జేబులోంచి నాణేలు తీసి, పక్కటెముకల మధ్య నుంచి లోపల వేసింది. సేనాధిపతి కడుపులోంచి ఢమాల్మని టీ డబ్బా పడింది. టీవీ కెమెరా అంతా చూస్తూనే ఉంది.

"ఈ సౌకర్యం… తర్వాతి కాలంలో చేర్చబడినదని చెప్పబడుతోంది," అన్నారు హిబినో గారు.

ప్రొఫెసరమ్మ టీ పూర్తిగా తాగింది. కిటికీలోంచి లోయను చూసింది. ఆవిడ ముఖంలో ఇక పొగడ్తలు కూడా మిగల్లేదు. "సరే, దిగుదామా," అంది.

చెక్క మెట్ల మీద ఒక్కో అడుగూ దిగుతూ మూడో అంతస్తులో ఆగింది. హిబినో గారి వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడ మరుగుదొడ్డి ఎక్కడుంది?"

హిబినో గారు అడకత్తెరలో పోకచెక్క అయ్యారు. ఎదురుగా కనిపిస్తున్న తలుపే అది. దాని మీద 'ఆయుధాగారం, ప్రవేశం లేదు' అని పలక వేలాడుతోంది. మేడ మొత్తం మీద చెక్క తొడగని చోటు అదొక్కటే. పని చేసినవాళ్లంతా మగవాళ్లు. ఆడవాళ్ల మరుగుదొడ్లోకి పలకా సుత్తీ పట్టుకుని వెళ్లే సాహసం కవచ సంఘంలో ఒక్క వీరుడికీ లేకపోయింది.

"అంటే… ఆ కాలంలో కోటల్లో మరుగుదొడ్లనేవి…"

"నాకు ఈ కాలంలోనే కావాలి నాయనా!"

మొమోసె ఇక ఆగలేదు. ముందుకొచ్చి ఆయుధాగారం తలుపు తెరిచింది. "లోపలికెళ్లండమ్మా. లోపల తొడుక్కునే చెప్పులు ఎడమ పక్కనున్నాయి."

తలుపు మూసుకుంది. అందరూ మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. కాసేపయింది. ఇంకాసేపయింది. లోపల టక్‌టక్‌మని చప్పుడు. తర్వాత ఏదో నేల మీద ఈడుస్తున్నట్టు. తర్వాత నిశ్శబ్దం.

"పడిపోలేదు కదా ఆవిడ?" మేయరు గారి ముఖం పాలిపోయింది. "హిబినో, వెళ్లి చూడవయ్యా!"

ఆజ్ఞ! స్పష్టంగా, నోటితో! హిబినో గారు అదిరిపడ్డారు. ఇంతలో తలుపు భళ్లున తెరుచుకుంది. ప్రొఫెసరమ్మ చేతిలో టార్చి, కళ్లల్లో నీళ్లు, మోకాళ్లకు దుమ్ము.

"రండి! మేయరు గారూ, హిబినో గారూ, అందరూ లోపలికి రండి!"

"అది… స్త్రీల…"

"నేను పిలుస్తున్నానుగా!"

మేయరు గారు పట్టు దుస్తులు ఎత్తిపట్టుకుని లోపలికి వెళ్లారు. హిబినో గారి శిరస్త్రాణం కొమ్ము తలుపు చట్రానికి తట్టుకుంటే మొమోసె వెనక నుంచి ఒక్క తోపు తోసింది. కెమెరా కూడా లోపలికి దూరింది. పట్టణ ప్రముఖులంతా ఆడవాళ్ల మరుగుదొడ్లో వరసగా నిలబడ్డారు. ఎక్కడ చూడాలో తెలియక అందరూ పైకి చూశారు.

"పైకి కాదు, ఇటు చూడండి," ప్రొఫెసరమ్మ మూలనున్న స్తంభం మీదికి టార్చి వేసింది. "దేవదారు మాను. బెరడు చూడండి. ఇదిగో కణుపు. ఇదిగో, పురుగు తొలిచిన చిల్లి. అన్నీ సిమెంటే! తడిగా ఉండగా తాపీతో, వేలి గోటితో చేశారు. ఆ వెదురు తడిక సిమెంటు. ఈ సొరకాయ ఆకారం కిటికీ సిమెంటు. ఈ ఆకాశం రంగు పింగాణీ పలకలు ఒక్కొక్కటీ గోరంత. మధ్యలో అలలు పేర్చారు చూడండి! ఇది కాపీ కాదండీ. కాంక్రీటుకు నచ్చజెప్పి చెక్కలా మార్చారు ఆ మేస్త్రీలు."

"అది… పాతబడిపోయిందండీ, బాగు చేయిద్దామనుకుంటూ…" మేయరు గారు నసిగారు.

"బాగు చేయించకండి, మీకు పుణ్యముంటుంది! నేను వచ్చిందే దీనికోసం. యుద్ధంలో ఊళ్లు తగలబడ్డాక, మళ్లీ తలెత్తుకోవడానికి దేశమంతా కాంక్రీటు కోటలు కట్టుకున్నారు. అవీ ఇప్పుడు చరిత్రే. వాటిలో మంచివాటిని వారసత్వ కట్టడాలుగా తీసుకోవాలని మా సంఘం అనుకుంది. లోపలంతా ఇలాంటి చేతిపని ఉన్నది మీ మేడ ఒక్కటేనని విన్నాను. నకిలీల్లో ఇంత నికార్సైనది ఇంకెక్కడా లేదు! చెక్క చూడటానికి నేను కొండెక్కాలా? మా ఇల్లంతా చెక్కే."

ప్రొఫెసరమ్మ తలుపులోంచి బయటి చెక్క గోడల వైపు చూసింది.

"మిగతా అంతస్తుల్లో కూడా ఇదే పని ఉండాలి," అంది ఆవిడ నెమ్మదిగా. "ఎప్పుడు పోయింది? ఎవరు తీసేశారు?"

మేయరు గారు గొంతు సవరించుకున్నారు. "పై నుంచైతే ఎలాంటి ఆదేశమూ వెళ్లలేదండీ. ఈ విషయం నాకూ ఇప్పుడే తెలుస్తోంది. కింది స్థాయిలో ఏమైనా అత్యుత్సాహం…" అంటూ హిబినో గారి వైపు చూసి, జాలిగా తల ఊపారు.

హిబినో గారి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. పాతికేళ్లు నూరిన జవాబు, 'అని చెప్పబడుతోంది.' కానీ టార్చి వెలుగు ఇంకా ఆ పురుగు చిల్లి మీదే ఉంది. తను పుట్టిన ఏడు ఎవరో మేస్త్రీ, సిమెంటు ఆరిపోతుందేమోనని ఆదరాబాదరాగా, లేని పురుగుకు ఒక ఇల్లు కట్టిపెట్టాడు. ఆయన రోజూ ఈ తలుపు ముందు నుంచే నడిచారు. వేరే అంతస్తుల్లో అలాంటి స్తంభాల పక్కనే నిలబడి రాణిగారి కన్నీళ్ల గురించి చెప్పారు. ఒక్కసారి కూడా స్తంభాన్ని చూడలేదు.

"నేనేనండీ," అన్నారు. "పోయిన నెలలో. తీసెయ్యలేదు, చెక్కతో కప్పించాను. అడుగడుక్కీ తొలిచి మేకులు కొట్టించాను."

"ఎందుకు?"

"కాంక్రీటు చూస్తే మీకు నచ్చదేమోనని."

"నన్ను అడిగారా?"

"లేదండీ. అడగడం… మర్యాద కాదని."

ప్రొఫెసరమ్మ టార్చి ఆర్పింది. "నా దగ్గర ఫోన్ ఉంది హిబినో గారూ," అంది.

హిబినో గారు బయటికి నడిచారు. గుమ్మం బయట ఈటెకు బదులు గునపంతో కాపలా ఉన్న కవచ సంఘం వీరుడి చేతిలోంచి దాన్ని లాక్కుని, మెట్ల పక్కనున్న స్తంభం దగ్గర ఒక పలక కింద దూర్చి, బలమంతా పెట్టి పెకలించారు. పలక ఊడింది. దానితోపాటు కణుపులూ బెరడూ దోసిళ్లకొద్దీ ఊడి ఆయన పాదాల మీద పడ్డాయి. ప్రొఫెసరమ్మ కళ్లు మూసుకుంది. ఇంకో పలక పీకబోతుంటే, "వద్దు, చాలు," అని చెయ్యి పట్టుకుని ఆపింది.

చలికాలం నడిమధ్యలో నిర్ణయం వచ్చింది. తొబిమినె కోట మేడ తన అసలు రూపం పోగొట్టుకున్నందున వారసత్వ కట్టడంగా పరిగణించలేమని తేల్చారు. అయితే మూడో అంతస్తులోని స్త్రీల మరుగుదొడ్డి మాత్రం ఏ మార్పుకూ లోనుకాక, ఉన్నది ఉన్నట్టుగా మిగిలినందున, దానిని గుర్తిస్తున్నామన్నారు.

ఊరు తల పట్టుకుంది. మంగలి షాపులో, సోబా నూడుల్స్ హోటల్లో, బస్ స్టాండులో ఇదే మాట. "చివరికి మన పరువు ఆడవాళ్ల దొడ్లో నిలబడింది!" మేడను కూల్చడానికి పై కార్యాలయం వాళ్లు మనుషుల్ని పంపారు. వాళ్లు వచ్చారు, చూశారు, కొలిచారు, తలలు గోక్కున్నారు. మూడో అంతస్తు గదిని ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా కిందివి రెండూ కూల్చడమెలా? పైవి రెండు కూల్చినా చెత్తంతా గది నెత్తినే పడుతుంది. గదిని కాపాడాలంటే మేడంతా నిలబడాలి, మేడ నిలబడాలంటే గట్టిపరచాలి. గట్టిపరచడానికి ప్రభుత్వం సాయం కూడా చేసింది. తొబిమినె కోటను ప్రభువు కాపాడలేదు, కందకాలు కాపాడలేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డి కాపాడింది!

చెర్రీలు పూసిన రోజున ఆ గది ముందు పట్టు రిబ్బను కట్టారు. మేయరు గారు కత్తెర పట్టుకుని, కెమెరా వైపు తిరిగి గంభీరంగా ప్రకటించారు. "ఈ ఒక్క గదిని మాత్రం ముట్టుకోవడానికి వీల్లేదని ఆనాడు నేనే స్వయంగా ఆజ్ఞాపించాను!"

తొబిమినె చరిత్రలో ఒక మేయరు తాను ఆజ్ఞ ఇచ్చానని ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ ఇవ్వని ఆజ్ఞ! జనం చప్పట్లు కొట్టారు. మొమోసె మాత్రం కొట్టలేదు. ఆమె కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఎందుకంటే ఆ గదిలోకి వెళ్లి తుడవడానికి విభాగం మొత్తానికి ఆడమనిషి ఆమె ఒక్కతే.

హిబినో గారు ఉద్యోగ విరమణ చేశారు. మర్నాటి నుంచే కోట పాలకుడయ్యారు. అయిదో అంతస్తు కిటికీ పక్కన బల్ల మాత్రం దక్కలేదు. మూడో అంతస్తులో, ఆ గది గుమ్మం పక్కన ముక్కాలి పీట వేశారు. కవచం తప్పనిసరి. గుమ్మానికి అడ్డంగా ఎర్ర తాడు. బస్సుల్లో జనం వస్తున్నారు. బూట్లు విప్పి, వరసగా నిలబడి, తాడు ఇవతలి నుంచి మెడలు చాచి, "ఓహో!" అంటున్నారు. కింద బజారులో ఆకాశం రంగు అలల మిఠాయి అమ్ముతున్నారు. దాన్ని దేన్ని చూసి చేశారో కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. హిబినో గారు ఇప్పుడు జనానికి కణుపులు చూపిస్తారు, బెరడు చూపిస్తారు, పురుగు చిల్లి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతారు.

ఒకనాడు ఒసాకా నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, చేతిసంచి గట్టిగా పొట్టకు అదుముకుని, వరస తప్పించుకుని గబగబా ముందుకొచ్చింది.

"బాబూ, ఆ తాడు కాస్త తియ్యి!"

"ఇది చూడటానికేనండీ. వాడకూడదు."

"మరుగుదొడ్డిని చూసి ఏం చేసుకోను నాయనా! నాకు పని ఉంది దానితో!"

"వారసత్వ కట్టడమండీ…"

"అయితే ఇంకొకటి ఏదీ?"

మగవాళ్లది ఇంకా బాణాల గదే. కొత్తది కట్టిస్తామన్నారు. ఎక్కడ, ఎలా అన్నది ఇంకా ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. హిబినో గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కొండ వాలు వైపు చెయ్యి చూపించారు.

"ఆ మట్టి కట్ట దాటి, వెదురు పొదల వెనక్కి వెళ్లండమ్మా."

"ఏమిటీ! నన్ను పొదల్లోకి వెళ్లమంటావా? కోట అని బోర్డు పెట్టుకుని సిగ్గు లేదూ?"

"నాలుగు వందల యాభై ఏళ్ల కిందట ఈ కోట ప్రభువు కూడా అక్కడికే వెళ్లేవాడండీ," అన్నారు హిబినో గారు. "ఇది మాత్రం నిజం."

ఇన్నేళ్లలో ఆ ప్రభువు గురించి ఆయన చెప్పిన మొట్టమొదటి అసలైన చరిత్ర అది. తీరా చూస్తే వినడానికి ఆవిడ అక్కడ లేదు. అప్పటికే సగం మెట్లు దిగిపోయింది.